పాట ఊరిది, గొంతు పాడినవారిది

కళాకారుడిని అడక్కుండా అతని ప్రదర్శనను రికార్డు చేసి అమ్మితే అది దొంగ రికార్డు. ఈ వ్యాపారం ఒకప్పుడు గ్రామఫోన్ ప్లేట్ల మీద నడిచింది, తర్వాత క్యాసెట్లకు, సీడీలకు పాకింది. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వంటి ఊళ్లలో ఇప్పుడది పెన్‌డ్రైవుల్లో, మెమరీ కార్డుల్లో తిరుగుతోంది. గ్రామదేవత సంబరంలో జముకుల కథ చెబుతున్నవారి గొంతును ఎవరో సెల్‌ఫోన్లో పట్టుకుంటారు. దానికి బీటు తగిలించి ‘డీజే మిక్స్’ అని పేరుపెడతారు. సెల్ షాపులో ఎక్కించినవారికి డబ్బులొస్తాయి. పాడినవారికి రూపాయీ రాదు, పేరూ రాదు.

జానపదం ఎవరి సొత్తూ కాదన్న వాదనలో సగమే నిజం. తరతరాలుగా వస్తున్న పాటకు, బాణీకి హక్కుదారు ఉండకపోవచ్చు; దాన్ని పాడిన ప్రదర్శనకు మాత్రం ఉంటారు. కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 38 ప్రత్యక్ష ప్రదర్శనపై కళాకారుడికి 50 ఏళ్ల హక్కు ఇచ్చింది. 2012 సవరణతో వచ్చిన 38బి ప్రకారం తన పేరు వేయమని అడగవచ్చు కూడా. పైగా జనం నోట నానేదంతా జానపదం కాదు. ఉదాహరణకు, ప్రజాకవి వంగపండు ప్రసాదరావు 2020లో కన్నుమూశారు కనుక, ఆయన రాసిన పాటలపై సాహిత్య హక్కు 2080 చివరి దాకా ఉంటుంది.

డీజేలది రెండువైపులా ఇరుకే. సొంతంగా కట్టిన ట్రాకును మరొకరు కాపీ కొడితే డీజే బాధితుడు. ఇంకొకరి పాటను అడక్కుండా మిక్స్ చేసి అమ్మితే నిందితుడు. పెళ్లి ఊరేగింపులో పాట వేయడాన్ని సెక్షన్ 52 ఉల్లంఘనగా చూడదు. ఆ వెసులుబాటు వినిపించడానికే, కాపీలు తీసి అమ్ముకోవడానికి కాదు.

లాభం కోసం తెలిసీ ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద మామూలుగా 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమేనని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఎస్సై స్థాయి అధికారి వారంటు లేకుండానే దొంగ కాపీలను స్వాధీనం చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ రుజువు కావాలి: అసలు ఫైలు, కార్యక్రమం కరపత్రం, అక్కడ విన్నవారి సాక్ష్యం. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు గడువు చూసుకోవాలి. హక్కుల బదిలీకి గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది.

సివిల్ దావా జిల్లా కోర్టులో వేయాలి. ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు కనుక నరసన్నపేట కళాకారుడు హైదరాబాద్ కంపెనీ మీదైనా శ్రీకాకుళంలోనే దావా వేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. అందుకు ఫోన్ చేయవలసిన నంబరు 15100.