శిథిలాల చెంత ఆలయం: బాసిల్ స్పెన్స్

స్కాట్లండు వాస్తుశిల్పి సర్ బాసిల్ స్పెన్స్ 1907లో మన బొంబాయిలో జన్మించాడు. తండ్రి అక్కడి టంకశాలలో ఉద్యోగి. ఎడింబరోలో చదువుకొని, లుట్యెన్స్ కార్యాలయంలో న్యూఢిల్లీ వైస్రాయి భవనానికి నక్షాలు గీయుటలో పాలుపంచుకొన్నాడు. ఆ భవనమే నేటి రాష్ట్రపతి నివాసం.

రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, శత్రువు కన్నుగప్పే విద్యను అభ్యసించే విభాగంలో పనిచేశాడు. 1944 జూన్‌లో నార్మండీ తీరాన, చర్చి గోపురాలలో పొంచియున్న జర్మను తుపాకీగాండ్రకై స్వపక్షపు ట్యాంకులే ఆ ప్రాచీన గోపురాలను కూల్చుట కన్నులార చూశాడు. కట్టుటయే వృత్తిగా గలవానికి అది ఎంతటి వ్యథయో మనం ఊహించగలం. యుద్ధానంతరం ఏం చేస్తావని మిత్రుడడిగితే, ఒక కెథీడ్రల్ కట్టాలని ఉన్నదన్నాడట.

1940 నవంబరు 14 రాత్రి జర్మను బాంబులకు కావెంట్రీ కెథీడ్రల్ దగ్ధమైంది. వెలుపలి గోడలు, శిఖరం మిగిలాయి. పునర్నిర్మాణపు పోటీలో 1951లో 219 నమూనాల నుండి స్పెన్స్ నమూనా ఎన్నికైంది. శిథిలాలను తొలగించరాదని, వాటి ప్రక్కనే కొత్తది లేవాలని అతని పట్టు. ఇదేమి చర్చి అని నిందిస్తూ ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, అతడు చలించలేదు.

పాతదానివలె తూర్పునగాక, కొత్తదాని బలిపీఠం ఉత్తరాన ఉన్నది. ఖిబ్లా దిశకు అలవాటుపడిన మాకిది వింతగా తోచింది. ప్రక్కగోడలు రంపపు పళ్లవలె మడతలుపడి ఉంటాయి. వాటి రంగుగాజు కిటికీలు లోనికి వచ్చేవారికి కానరావు. బలిపీఠం చేరి వెనుదిరిగినపుడే కనబడతాయి. 1962 మే 25న ఆలయ ప్రతిష్ఠ జరిగింది.