డయాలిసిస్ గొట్టము – గ్రామమున వహింపవలసిన జాగ్రత్త

మూత్రపిండములు పనిచేయనపుడు రక్తములోని మలినములను యంత్రముచే తొలగించు చికిత్సయే డయాలిసిస్. ఇది సాధారణముగా వారమునకు రెండు మూడు మారులు అవసరమగును. కరీంనగరు ప్రభుత్వ ఆసుపత్రియందును, ఆదిలాబాదు రిమ్స్‌నందును ఈ కేంద్రములు గలవు. అర్హులైన పేదలకు ఆరోగ్యశ్రీ క్రింద ఈ చికిత్స ఉచితము.

చికిత్స వెంటనే కావలసినపుడు వైద్యులు మెడలోని పెద్ద సిరలోనికి కేథెటర్ అను గొట్టమును దించెదరు. దాని కొన గుండెకు చేరువన నిలువవలెను. సిర ప్రక్కనే ధమని యుండును. అందుచే ఒక్కొక్కప్పుడు గొట్టము ధమనిలో దూరవచ్చును. వేరొక సిరలోనికి మళ్లవచ్చును. ఊపిరితిత్తికి గాయము కావచ్చును. కనుకనే అల్ట్రాసౌండుతో సిరను చూచుచు గొట్టము దించి, పిదప ఎక్స్‌రేతో సరిచూచుట ఉత్తమ పద్ధతి.

ధమనిలో పడిన లావుపాటి గొట్టమును తటాలున లాగివేసినచో రక్తము మెడలో నిండి ఊపిరి ఆడకపోవచ్చును, పక్షవాతము రావచ్చును. అందుచే దానిని కదలింపక రక్తనాళముల శస్త్రవైద్యునిచే తీయింతురు. రోగిని పెద్ద ఆసుపత్రికి పంపవలెనని వైద్యులు చెప్పినచో బంధువులు జాగు చేయరాదు.

రోగి ఇల్లు చేరిన పిదపనే పంచాయతీ సభ్యుల బాధ్యత మొదలగును. గొట్టము గలవారికి చలిజ్వరము వచ్చినచో మలేరియాయని మాత్రలిచ్చి ఊరకుండరాదు. గొట్టము ద్వారా రక్తమునకు చీము సోకి ప్రాణాపాయము కలుగవచ్చును. ఆ దినముననే ఆసుపత్రికి పంపవలెను. మెడ వాపు, ఆయాసము, రక్తస్రావము కనిపించినను అంతే. ఆ గొట్టము ద్వారా ఊరిలో సెలైను గాని, సూదిమందు గాని ఎక్కింపనీయరాదు. మూత ఊడినచో గొట్టముపైనున్న క్లిప్పును వెంటనే బిగింపవలెను. గొట్టము జారి వచ్చినచో లోనికి నెట్టరాదు. రోగిని వెల్లకిల పరుండబెట్టి, శుభ్రమైన గుడ్డతో ఆ చోటును గట్టిగా అదిమిపట్టి, 108కు ఫోను చేయవలెను.

గొట్టము తాత్కాలికమైన దారి మాత్రమే. చేతిలోని ధమనిని సిరతో కలుపు ఫిస్టులా పద్ధతిని 1966లో న్యూయార్కు వైద్యులు ప్రకటించిరి. నేటికిని చాలమందికి అదియే మేలైన మార్గము. అది బలపడుటకు ఆరు వారములో, అంతకు మించియో పట్టును. కనుక వైద్యులు సూచించిన వెంటనే చేయించుకొనవలెను. ఆ చేతికి సూది పొడువరాదు, రక్తపోటు చూడరాదు.

సభ్యులకు మా మనవి యిది: మీ గ్రామమున డయాలిసిస్ రోగులెవరో ఆశా కార్యకర్త ద్వారా తెలిసికొనుడు. రాత్రివేళ పిలిచిన వచ్చు వాహనమేదో ముందే నిర్ణయించి, ఆ నంబరును రోగి యింటి గోడపై వ్రాయింపుడు.