ప్రాణవాయువు గిట్టని సూక్ష్మజీవి

ప్రాణవాయువు లేనిదే మనం బ్రతకలేము. కాని ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవికి అదే శత్రువు. గాలి సోకేచోట అది పెరగలేదు. గట్టి పొర గల సిద్ధబీజంగా మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రాణమై ఉంటుంది.

ముల్లో, మేకో లోతుగా గుచ్చుకుంటే సిద్ధబీజాలు గాయంలో చేరతాయి. అక్కడ చచ్చిన కండకు రక్తం అందదు, ప్రాణవాయువూ అందదు. అప్పుడు సిద్ధబీజం మేల్కొంటుంది. అమైనో ఆమ్లాలను పులియబెట్టి, ప్రాణవాయువుతో పని లేకుండానే శక్తి పొందుతుంది, విషాన్ని వదులుతుంది. దవడలు బిగుసుకుపోతాయి, ఒళ్ళు ధనుస్సువలె వంగుతుంది.

1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో హైడ్రోజన్ వాయువులో ఈ జీవిని విడిగా పెంచి చూపాడు.

మేకు గుచ్చుకుంటే, చిన్న గాయమే కదా అని దాచకండి. సబ్బునీటితో కడిగి, పెద్దలకు చెప్పండి. టీకా అవసరమేమో వైద్యుణ్ణి అడగండి.

ప్రశ్న: పైపైన గీసుకున్న గాయం కన్నా లోతుగా గుచ్చుకున్న గాయం ఎందుకు ప్రమాదకరం?