బాలు గొంతుతో పుష్కరాల పాట

ప్రశ్న: మాది రెంజల్ మండలం. 2027 గోదావరి పుష్కరాలకు కందకుర్తి మీద పాట కట్టిన. నేనే పాడి, యాప్‌ల ఏసి ఎస్పీ బాలు గొంతుకు మార్సిన. దోస్తులు మస్తుందంటున్రు. యూట్యూబ్‌ల పెట్టొచ్చా?

జవాబు: పెట్టకు తమ్మీ. 'కీడా కోలా' సినిమాలో బాలు గొంతును ఏఐతో పుట్టించారని, తమను అడగలేదని 2024లో ఆయన కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపిన సంగతి మరిచావా? అదే ఏడాది 'లాల్ సలామ్' పాటకు రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడారు. ముందు ఇంటివాళ్లను అడిగారు, డబ్బూ ఇచ్చారు. పద్ధతి అది.

ఇంటివాళ్లు సరేనన్నా నాకు మాత్రం మింగుడు పడదు. బతికున్న గాయకుడు ఈ మాట బాగోలేదు, నేను పాడనంటాడు. యాప్‌లో ఉన్న బాలు దేనికీ కాదనడు. కాదనలేని మనిషితో పాడించడం ఏం పాడించడం?

ఇంకో మాట. ఆ పాటలో ఊపిరి నీది, విరుపు నీది, తాళం నీది. యాప్ మార్చింది పైనున్న నాదాన్నే. బాలు అల్లు రామలింగయ్యకు పాడితే అల్లే పాడినట్టుండేది. కమల్‌కు డబ్బింగ్ చెబితే కమలే తెలుగు మాట్లాడినట్టుండేది. ఆ విద్య ఏ యాప్‌లో ఉంది? మీ దోస్తులు మెచ్చినదాంట్లో సగానికి పైగా నీ పాటే. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది మీ మండలంలోనే. మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ అక్కడే. ఆ నీళ్ల పాటకు రెంజల్ యాస ఉంటే తప్పా? నీ గొంతుతో, నీ పేరుతో పెట్టు. నాకూ లింకు పంపు.

ప్రశ్న: నా గొంతునే ఏఐతో బాగు చేసుకోవచ్చా?

జవాబు: మీ గొంతు, మీ ఇష్టం, స్టేజీ మీద మైకు ఇస్తే ఏం చేస్తారో మాత్రం ఇప్పుడే ఆలోచించుకోండి.

ప్రశ్న: బోధన్ దగ్గర మా ఊరు. ఒక స్టూడియోకు రెండు జానపదాలు పాడిన. నేను పాడని మూడో పాట నా గొంతుతోనే వచ్చింది. ఏం జెయ్యాలె?

జవాబు: ఏడుస్తూ ఫోన్ చేయకు చెల్లీ, రాసి అడుగు. వాట్సాప్ మాటలు, డబ్బు ముట్టిన వివరాలు, ఆ వీడియో లింకు దాచిపెట్టు. ఏఐతో మన గొంతును అనుకరిస్తే తీసేయమని అడగడానికి యూట్యూబ్‌లో ప్రైవసీ ఫిర్యాదు ఉంది, అది పెట్టు. మన కాపీరైట్ చట్టం గాయకులకు హక్కులిచ్చింది పాడిన పాట మీద. గొంతుకంటూ విడిగా సెక్షన్ లేదు. అరిజిత్ సింగ్ 2024లో బాంబే హైకోర్టుకు వెళ్లి తన గొంతుకు రక్షణ తెచ్చుకున్నాడు. అంత దూరం మనం పోలేం కాబట్టి, ఇకపై పాడే ముందే కాగితం రాయించుకో: ఈ రికార్డింగు ఈ పాటకే, నా గొంతును ఏ మెషీన్‌కూ నేర్పకూడదు. సంతకం పెట్టనంటే మైకు ముందు నిలబడకు.