ఇంటి కంప్యూటరుకు ఇంటర్నెట్ తెగిపోయినప్పుడు

కర్ణాటకలోని పట్టణాలలో సంవత్సరపు ఆస్తి పన్నును ఏప్రిల్ నెలలో పూర్తిగా చెల్లించేవారికి 5 శాతం రాయితీ లభించడం వాడుక. ఆ నెలాఖరు సాయంత్రం గాలివాన వచ్చి, చెల్లింపు మధ్యలో ఇంటర్నెట్ తెగిపోతే గృహస్థునికి కలిగే కంగారు ఇంతా అంతా కాదు. అట్టి సమయంలో వెనువెంటనే రెండవసారి చెల్లించబూనడం తగదు. బ్యాంకు ఖాతా నుండి సొమ్ము వెళ్ళినదో లేదో ముందుగా మొబైలులో చూసుకొని, ఆ తర్వాత లోపాన్ని వెదకాలి.

వెదకడం దగ్గరి నుండి దూరానికి సాగాలి. మొబైల్ డేటాను ఆపివేసి, అదే ఇంటి వైఫైతో ఫోను పనిచేస్తున్నదేమో చూడాలి. పనిచేస్తే లోపం చాలావరకు కంప్యూటరులోనే ఉన్నట్లు. లేకుంటే రౌటరు వద్దకు వెళ్ళాలి. ఫైబర్ కనెక్షను గల ఇళ్ళలో, తీగ వచ్చి చేరే పెట్టెపై ‘ఎల్.ఓ.ఎస్.’ దీపం ఎర్రగా వెలుగుతుంటే వెలుపలి నుండి కాంతి సంకేతమే అందడం లేదని అర్థం. అప్పుడు కంప్యూటరులో ఎన్ని మార్పులు చేసినా వృథాయే. తీగ బల్ల కింద నలిగినదా, ఎలుక కొరికినదా అని పరిశీలించవచ్చును గాని, దాని కొసలోకి తొంగిచూడరాదు. అందులోని లేజర్ కాంతి కంటికి కనిపించదు. కంటికి హాని మాత్రం చేయగలదు.

దీపాలు సరిగా ఉంటే రౌటరును ఆపి, అర నిమిషం తర్వాత తిరిగి ఆన్ చేసి, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టాలి. చాలా ఇళ్ళలో పని ఇంతటితో తీరుతుంది.

తీరనప్పుడు విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘ఐపీకాన్ఫిగ్’ అని ఆంగ్లాక్షరాలలో ఖాళీ విడువకుండా టైపు చేయాలి. కనిపించే ఐపీ చిరునామా 169.254తో మొదలైతే రౌటరు కంప్యూటరుకు చిరునామా ఇవ్వలేదన్నమాట. కేబులును ఊడదీసి మరల బిగించాలి. వైఫై అయితే ఆ నెట్‌వర్కును తొలగించి పాస్‌వర్డుతో తిరిగి కలపాలి. చిరునామా సక్రమంగా ఉంటే ‘పింగ్’ అని టైపు చేసి, పక్కన ‘డిఫాల్ట్ గేట్‌వే’ ఎదుట ఉన్న అంకెలను ఇవ్వాలి. జవాబు వస్తే రౌటరు వరకు దారి సుగమమే. తర్వాత 8.8.8.8కు అదే పరీక్ష చేయాలి. దానికీ జవాబు వచ్చి, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సేవను అనుమానించాలి. నెట్‌వర్క్ సెట్టింగులలో డీఎన్ఎస్‌గా 8.8.8.8 లేదా 1.1.1.1 ఇచ్చి చూడవచ్చును.

పాత కంప్యూటర్లలో మరొక చిక్కు కలదు. లోపలి చిన్న బ్యాటరీ అడుగంటితే గడియారం ఏళ్ళ వెనుకకు పోతుంది; అప్పుడు బ్యాంకు, పన్ను చెల్లింపు పేజీలు భద్రతా హెచ్చరిక చూపి తెరుచుకోవు. ఇంటర్నెట్ బాగుండగానే బాగులేదనిపించే ఈ లోపం తేదీ సరిచేస్తే పోతుంది.

కంపెనీకి ఫిర్యాదు చేసినప్పుడు ఫిర్యాదు సంఖ్యను తప్పక అడిగి రాసుకోవాలి. పని జరగకుంటే అదే కంపెనీ అప్పీలు అధికారికి మొర పెట్టుకోవడానికి అది ఆధారం. కనెక్షను బాగుచేస్తామంటూ ఎవరైనా ఫోను చేసి ఓటీపీ అడిగినా, తెర కనిపించేలా యాప్ వేసుకోమన్నా అంగీకరించరాదు. సొమ్ము పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు తెలియజేయాలి.