బడిపిల్లల ప్రాజెక్టులకు బొమ్మలు, ధ్వనులు, పాత గ్రంథములు వెదకు విధము



ఈ దినములలో మన పల్లెల బడులలో ఉపాధ్యాయులు పిల్లలకు 'ప్రాజెక్టు' అను పని నిచ్చుచున్నారు. ఒక నదిని గూర్చిగాని, పక్షిని గూర్చిగాని, కట్టడమును గూర్చిగాని పిల్లలు వివరములు సమకూర్చి, బొమ్మలు అంటించి, చార్టు మీద వ్రాసి చూపవలెను. పని మంచిదే. అయితే అనేక గృహములలో జరుగుచున్నదేమి? ఆదివారము సాయంకాలము వరకు ఆ సంగతి ఎవరికిని జ్ఞాపకముండదు. అప్పుడు తండ్రి నెట్ సెంటరునకు పరుగెత్తి, డబ్బిచ్చి, అక్కడివారు తీసియిచ్చిన రంగు కాగితములు తెచ్చును. పిల్లవాడు వాటిని కత్తిరించి అంటించును. ఆ బొమ్మ ఎప్పటిదో, ఎక్కడిదో, నిజమైనదో కాదో ఇద్దరికిని తెలియదు. మార్కులు వచ్చును గాని జ్ఞానము రాదు.

ఇందులో మరియొక బాధ కలదు. కూలికి పోయిన తండ్రితోనే ఫోను కూడ పోవును గనుక, కొందరు బిడ్డలు ఉత్త చేతులతో బడికి పోయి తలవంచుకొని నిలువవలసి వచ్చుచున్నది. డబ్బున్నవానికి కొన్న చార్టు, లేనివానికి సిగ్గు; ఇది చదువు కాదు. కాబట్టి డబ్బియ్యక, ఇతరుల సొత్తు అపహరింపక, నిజమైన బొమ్మలను, ధ్వనులను, గ్రంథములను ఎట్లు వెదకవలెనో ఈ పాఠములో నేర్చుకొందము.

1. ముందు ప్రశ్న, తరువాత ఫోను

ఫోను చేతికి తీసికొనకముందే బిడ్డచేత ఒక కాగితము మీద మూడు ప్రశ్నలు వ్రాయించుడి. నేను తెలిసికొన గోరునది ఏమి? అది ఏ కాలమునకు, ఏ స్థలమునకు చెందినది? దానికి కావలసినది బొమ్మయా, పటమా, ధ్వనియా, గ్రంథమా? ఈ మూడింటికి జవాబు వ్రాసిన బిడ్డ అరగంటలో పని ముగించును. వ్రాయని బిడ్డ మూడు గంటలు వెదకి, చివరకు సినిమా పాటలు చూచుచు కూర్చుండును.

2. ఎక్కడ వెదకవలెను?

మొదట పాఠ్యపుస్తకమునే తెరువుడి. అనేక పాఠముల ప్రక్కన నలుపు తెలుపు గళ్ళ గుర్తు ముద్రింపబడి యుండును. దానిని క్యూఆర్ కోడ్ అందురు. 2017లో ప్రారంభమైన 'దీక్ష' అను ప్రభుత్వ యాప్‌తో దానిని చూపినయెడల, ఆ పాఠమునకు సంబంధించిన వీడియోలు, అభ్యాసములు తెరువబడును. మన బిడ్డల కొరకే సిద్ధపరచిన దీనిని విడిచి దూరమున వెదకుట ఎందుకు?

బొమ్మలకు 'వికీమీడియా కామన్స్' అను భాండారము కలదు. ఇది 2004లో మొదలైనది. ఇందులో పదికోట్లకు మించిన బొమ్మలు, ధ్వనులు, వీడియోలు ఉన్నవి. ప్రతి బొమ్మ క్రింద తీసినవారి పేరు, తేదీ, వాడుకొను షరతులు వ్రాయబడి యుండును. తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసమునందలి బొమ్మను తాకినయెడల ఈ వివరములు చూడవచ్చును.

పాత గ్రంథములకు 'ఇంటర్నెట్ ఆర్కైవ్' మిక్కిలి ప్రయోజనకరమైనది. దీనిని అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో 1996లో బ్రూస్టర్ కేల్ అను వ్యక్తి స్థాపించెను. పూర్వము అచ్చయిన తెలుగు గ్రంథములు అనేకము అందులో పుటపుటగా చదువవచ్చును. అయితే పేర్లు ఇంగ్లీషు అక్షరములలో ఇష్టము వచ్చినట్లు వ్రాయబడి యున్నవి గనుక, ఒక వ్రాతలో దొరకనియెడల మరియొక వ్రాతలో వెదకుడి. ఖరగ్‌పూర్ ఐఐటి వారు నడుపుచున్న 'నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' కూడ విద్యార్థులకు ఉచితమే. తెలుగు మాటల అర్థములకు 'ఆంధ్రభారతి' నిఘంటువులు ఉన్నవి. మన ఊరి భూమి ఆకాశము నుండి ఎట్లు కనబడునో చూడగోరువారు ఇస్రో వారు 2009లో తెరచిన 'భువన్' అను పటములను చూడవచ్చును.

జిల్లా చరిత్రకు 1908 నాటి 'ఇంపీరియల్ గెజెటియర్' సంపుటములు షికాగో విశ్వవిద్యాలయము వారి 'డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ'లో చదువవచ్చును. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఆ కాలపు పుస్తకములలో ఊళ్ళ పేర్లు వేరుగా వ్రాసిరి. విశాఖపట్టణమును విజగపటమనియు, మచిలీపట్టణమును మసులిపటమనియు, విజయవాడను బెజవాడ యనియు వెదకినగాని దొరకవు. మన తాతలకు ఈ పేర్లు తెలిసియుండును. వారిని అడుగుడి.

మన సంఘముల పూర్వ చరిత్రను వ్రాయు బిడ్డలకు మరియొక భాండారము కలదు. అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు పలు మిషనుల పాత ఛాయాచిత్రములను ఒకచోట చేర్చిరి. మన దేశములో తీసినవియు వాటిలో కలవు.

3. ఒక ఉదాహరణ: ధవళేశ్వరము ఆనకట్ట

మాట కంటె ఉదాహరణ మేలు. ఎనిమిదవ తరగతి బిడ్డకు 'కాటన్ దొర ఆనకట్ట' అను ప్రాజెక్టు ఇచ్చిరనుకొందము. ఫోనులో ఆ మాట కొట్టగానే వరుసగా ఇనుప తలుపులు, వాటిపై రోడ్డు, క్రింద తెల్లని నురుగుతో పారు గోదావరి కనబడును. బిడ్డ ఆ బొమ్మను అంటించి, దాని క్రింద '1852లో కాటన్ దొర కట్టినది' అని వ్రాయును. అది తప్పు.

సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట, నీటిని ఆపి పై నుండి పొర్లించు రాతి కట్ట. అది ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఉండెను. ఇప్పుడు మనకు కనబడు తలుపుల కట్టడము వేరు. దాని పని 1970లో మొదలై 1982లో ముగిసెను. కాటన్ దొర జ్ఞాపకార్థము దానికి ఆయన పేరు పెట్టిరి. రెండింటికిని ఒకే పేరు వినబడుటచేత పిల్లలే కాదు, పెద్దలును పొరబడుచున్నారు. ఆయన 1899లోనే మరణించెను. 1982 నాటి కట్టడమును ఆయన ఎట్లు కట్టగలడు?

కాబట్టి బొమ్మ దొరికిన వెంటనే సంతోషింపక, దాని తేదీని, క్రింది వివరణను చదువవలెను. పాత ఆనకట్టను గూర్చి కావలసినయెడల పాత గ్రంథములను వెదకవలెను. కాటన్ దొర కుమార్తె లేడీ హోప్ తన తండ్రి జీవితచరిత్రను 1900లో ప్రచురించెను. అది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నది. ఇంగ్లీషు చదువ లేనివారు టీచరు గారిని అడిగి ఒక పుట చదివించుకొనినను చాలును. పాత బొమ్మను ఒక ప్రక్క, క్రొత్త బొమ్మను ఒక ప్రక్క అంటించి, 'ఇది 1852, ఇది 1982' అని వ్రాసిన బిడ్డ చార్టు తరగతిలో అందరికంటె మిన్నగా ఉండును.

4. ధ్వనులు కూడ ఉన్నవి

తెలంగాణ రాష్ట్ర పక్షియైన పాలపిట్టను గూర్చి వ్రాయు బిడ్డకు దాని కూత వినవలెనని ఉండదా? 2005లో మొదలైన 'జీనో కాంటో' అను భాండారములో లోకమంతటి పక్షుల కూతలు వినవచ్చును. తెలుగు పేరుతో దొరకనియెడల శాస్త్రీయ నామముతో వెదకుడి. పాలపిట్టకు అది 'కొరాసియాస్ బెంగాలెన్సిస్'.

భాషను గూర్చి ఒక విశేషము చెప్పుదుము. గ్రియర్సన్ అను అధికారి నడిపించిన భారత భాషల సర్వే 1903 మొదలు 1928 వరకు సంపుటములుగా వెలువడెను. పలు భాషలకు, మాండలికములకు నమూనాగా వారు వ్రాయించినది మనమెరిగిన తప్పిపోయిన కుమారుని ఉపమానమే. తెలుగును గూర్చిన భాగము నాలుగవ సంపుటమున కలదు. ఆ సర్వేకు సంబంధించి అప్పుడు తీసిన గ్రామఫోను రికార్డులు పైన చెప్పిన షికాగో భాండారములో వినవచ్చును. నూరేండ్ల క్రిందటి మనుష్యుల స్వరము వినుట పిల్లలకు ఎంత ఆశ్చర్యము!

అయితే ఏ భాండారములోను దొరకని ధ్వనులు మన యిండ్లలోనే ఉన్నవి. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు పొంగినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. ఆ దినములను కన్నులార చూచిన అవ్వలు, తాతలు ఇంకను మన మధ్య ఉన్నారు. బిడ్డ వారి యొద్ద కూర్చుండి, అనుమతి అడిగి, పదినిమిషముల మాటను ఫోనులో పట్టవచ్చును. పేరు, ఊరు, తేదీ తప్పక చెప్పించవలెను. ఈ పని నేడు చేయనియెడల కొద్ది సంవత్సరములలో చేయుటకు వారుండరు.

5. ఇది ఎవరి సొత్తు?

ఇంటర్నెట్‌లో కనబడినదంతయు ఊరుమ్మడి సొత్తు అని అనేకులు తలంచుచున్నారు. అట్లు కాదు. మన దేశపు 1957 కాపీరైటు చట్టము ప్రకారము గ్రంథకర్త జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును ఆ గ్రంథమునకు హక్కు ఉండును. ఛాయాచిత్రమునకును అట్లే, తీసినవారి జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును. ఆ గడువు తీరినవి అందరివి. గడువు తీరకపోయినను, 'క్రియేటివ్ కామన్స్' అను గుర్తుతో కొందరు తమ పనిని ఇతరులు వాడుకొనుటకు ముందే అనుమతి ఇచ్చుచున్నారు. కొందరు పేరు చెప్పిన చాలునందురు, కొందరు అమ్ముకొనరాదందురు, కొందరు మార్చరాదందురు. ఆ షరతును చదివి లోబడవలెను.

బడిలో చదువు కొరకు వాడుకొనుటకు చట్టము కొంత సడలింపు ఇచ్చుచున్నది. అయినను తీసినవారి పేరు వ్రాయుట మర్యాద. పొరుగువాని చేనిలో కూర కోసికొని నా చేనిది అని చెప్పుదుమా? ప్రతి బొమ్మ క్రింద నాలుగు సంగతులు వ్రాయించుడి: బొమ్మ దేనిది, తీసినవారెవరు, ఏ సంవత్సరము, ఎక్కడ దొరికినది. ఈ అలవాటు చిన్ననాట పడినయెడల పెద్దయైన తరువాత ఇతరుల పనిని తనదని చెప్పుకొనడు.

6. జాగ్రత్తలు

మొదటిది: ఇప్పుడు కంప్యూటరు యంత్రములు అడిగిన బొమ్మను క్షణములో తయారుచేయుచున్నవి. ఎన్నడును జరుగని సంగతిని జరిగినట్లే చూపును. తేదీయు, తీసినవారి పేరును లేని బొమ్మను చరిత్ర ప్రాజెక్టులో పెట్టకుడి.

రెండవది: బిడ్డను ఫోనుతో ఒంటరిగా గదిలో విడువకుడి. పదిమంది తిరుగు వసారాలో కూర్చుండబెట్టుడి. మీకు చదువు రాకపోయినను ప్రక్కన కూర్చుండుట వచ్చును గదా!

మూడవది: 'ఉచితము' అని పిలిచి ఫోను నంబరు, ఓటీపీ, డబ్బు అడుగు చోటు నుండి వెంటనే బయటికి రావలెను. బొమ్మ చూపుటకు బ్యాంకు ఓటీపీతో పనియేమి?

7. మనము చేయదగినది

ఒక ఇంట ఫోనున్నది, మరియొక ఇంట లేదు. ఒకరికి ఇంగ్లీషు వచ్చును, మరియొకరికి రాదు. శనివారము సాయంకాలము రెండు గంటలు, చదువుకొనిన యౌవనులు ఇద్దరు తమ ఫోన్లతో మందిరపు వరండాలో కూర్చుండినయెడల, ఊరిలోని ప్రతి బిడ్డకు, ఏ ఇంటి బిడ్డయైనను, సహాయము దొరకును. దీనికి చందా అక్కరలేదు, మనస్సు కావలెను. బొమ్మలు అచ్చు తీయించు డబ్బు లేనియెడల బిడ్డ చూచి చేతితో గీయనిండు. చేతితో గీచిన బొమ్మ కొన్న బొమ్మకంటె ఎక్కువకాలము జ్ఞాపకముండును.

కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో ప్రాజెక్టు పనికి ఫోను లేని బిడ్డలు ఎందరు? వారి పేర్లు మనకు తెలియునా?

2. పాత ఆనకట్టకును క్రొత్త ఆనకట్టకును భేదమును బొమ్మ చూచి ఎట్లు తెలిసికొనవచ్చును?

3. మన ఊరి పూర్వపు సంగతులు తెలిసిన వృద్ధులెవరు? వారి మాటను ఈ నెలలో ఎవరు రికార్డు చేయుదురు?

మూడవ ప్రశ్నకు జవాబుగా ఒక పేరైనను వ్రాసికొని ఇంటికి వెళ్ళుడి.