రుసుము చెల్లించినది ఎవరు? పన్ను రాయితీ ఎవరికి?

ప్రవేశాల రోజులలో ఒక విద్యార్థి నా వద్దకు వచ్చి, "సార్, నా ఫీజు మా మామూ కడుతున్నారు. రసీదు ఆయన పేర వ్రాయిస్తే ఆయనకు ఆదాయపు పన్ను తగ్గుతుందా?" అని అడిగాడు. ఈ ప్రశ్న అతని ఒక్కడిదే కాదు. తండ్రి సంపాదన చాలనప్పుడు మేనమామో, పినతండ్రో చదువు భారం వహించడం మన కుటుంబాలలో పరిపాటి.

చట్టం చూసేది రసీదుపై గల పేరును మాత్రమే కాదు, బంధుత్వాన్ని కూడా. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 80సి సెక్షను ప్రకారం, తన సంతానంలో ఏ ఇద్దరికైనా భారతదేశంలో పూర్తికాల విద్యకై చెల్లించిన బోధనా రుసుమును తల్లి గాని, తండ్రి గాని తమ ఆదాయం నుండి తగ్గించుకోవచ్చు. భవిష్యనిధి, జీవిత బీమా మొదలైన వాటితో కలిపి దీని పరిమితి 1,50,000 రూపాయలు. విరాళాలు, అభివృద్ధి రుసుము ఇందులో చేరవు. మేనల్లుని కోసం చెల్లించిన మేనమామకు ఈ రాయితీ లేదు.

అయితే మేనమామ ఇచ్చిన సొమ్ము విద్యార్థికి పన్ను పడే ఆదాయం కాదు. దగ్గరి బంధువుల కానుకకు మినహాయింపు ఉన్నది. చదువు ఖర్చుకై లభించే విద్యార్థి వేతనానికీ పన్ను లేదు.

విద్యా ఋణం విషయంలో 80ఇ సెక్షను మరింత స్పష్టమైనది. ఋణం తీసుకున్నవాడే తన ఆదాయం నుండి వడ్డీ చెల్లించాలి. అప్పుడు గరిష్ఠంగా 8 సంవత్సరాల పాటు ఆ వడ్డీకి రాయితీ లభిస్తుంది. అసలుకు ఈ సెక్షను క్రింద రాయితీ లేదు. తండ్రి పేర ఋణం ఉండి మేనమామ వడ్డీ కడితే, ఆ వడ్డీపై ఇద్దరిలో ఎవరికీ లాభం లేదు.

2026 ఏప్రిల్ 1 నుండి పాత చట్టం స్థానంలో 2025 నాటి చట్టం వర్తిస్తుంది; సెక్షన్ల సంఖ్యలు వేరు. నూతన పన్ను విధానంలో ఉన్నవారికి పై రెండు రాయితీలూ లేవు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ తాతగారు కళాశాలకు నేరుగా రుసుము కట్టినా, విద్యార్థియే కట్టినట్లు చట్టం భావిస్తుంది. తల్లిదండ్రులు అతనిని తమపై ఆధారపడినవానిగా చూపితే, ఇతర అర్హతలున్నచో, రాయితీ వారికే చెందుతుంది.

విద్యార్థులారా! రుసుము కట్టకముందే ఇంటిలో ఈ లెక్క చూసుకోండి; రసీదులు భద్రపరచండి. లేని బంధుత్వాన్ని కాగితంపై సృష్టించవద్దు. పన్ను తగ్గదని తెలిసి కూడా చేయి చాచి ఆదుకున్న మేనమామ ఋణం ఏ సెక్షనూ తీర్చలేదు. మీ చదువే తీర్చాలి.